గదర్‌కు చోటిచ్చిన రేవు

అమెరికా పటంలో పడమటి ఒడ్డు వెంట వేలు పెట్టి పైకి జరుపుకుంటూ వెళ్తే, కాలిఫోర్నియా దాటాక ఒరెగాన్ వస్తుంది. ఆ రాష్ట్రం ముగిసే వాయవ్య మూలన, కొలంబియా నది పసిఫిక్ మహాసముద్రంలో కలిసేచోట ఓ చిన్న ఊరుంది. పేరు ఆస్టోరియా. 2020 జనాభా లెక్కల ప్రకారం అక్కడ ఉన్నది 10,181 మంది. మన దగ్గరైతే ఓ పెద్ద పంచాయతీ.

1913లో ఆ ఊళ్లో ఓ సభ జరిగింది. హాలు ఫిన్లాండ్ నుంచి వలస వచ్చిన సోషలిస్టులది. సభకు వచ్చినవాళ్లలో ఎక్కువమంది పంజాబీలు, కోతమిల్లులో దుంగలు మోసే కూలీలు. మాట్లాడినది విప్లవకారుడు లాలా హర్‌దయాళ్. బ్రిటిష్‌వాళ్లను ఆయుధంతో వెళ్లగొట్టాలన్న సంకల్పంతో పుట్టిన గదర్ పార్టీ చరిత్రలో ఆ సభది మొదటి పేజీ. పార్టీ పుట్టిన చోటు గురించి చెప్పేటప్పుడు కొందరు పోర్ట్‌లాండ్ అంటారు, కొందరు శాన్‌ఫ్రాన్సిస్కో అంటారు. పత్రిక వెలువడింది శాన్‌ఫ్రాన్సిస్కోలోనే. కానీ ఆ నిప్పు రాజుకుంది ఒరెగాన్ కోతమిల్లుల్లో. ఆ మిల్లుల వరసకు కొసన, సముద్రం అంచున ఉన్నది ఆస్టోరియా.

దేశం కోసం ప్రాణాలిచ్చిన మనుషులు ఇంత దూరాన, ఇంత చిన్న ఊళ్లో ఎందుకు పోగయ్యారు? పరాయివాళ్ల సభకు హాలు ఇచ్చిన ఆ ఫిన్నులెవరు? ఈ ప్రశ్నల వెంట వెళ్తే నది దగ్గరికే చేరతాం. ఆ ఊళ్లో ఏ కథైనా నదితోనే మొదలవుతుంది.

ఓడల వల్లకాడు

కొలంబియా చిన్నాచితకా నది కాదు. కెనడా కొండల్లో పుట్టి రెండు వేల కిలోమీటర్లు ప్రవహిస్తుంది. ఉత్తర అమెరికా నుంచి పసిఫిక్‌లోకి ఇంత నీరు మోసుకెళ్లే నది మరొకటి లేదు. పెద్ద నదులు చాలావరకు సముద్రం దగ్గరికొచ్చేసరికి పాయలుగా చీలి, డెల్టా పరిచి, నెమ్మదిస్తాయి. కొలంబియా అలా చేయదు. మొత్తం నీరు ఒకే మొగ గుండా నేరుగా సముద్రం మీదికి ఉరుకుతుంది. అవతలి నుంచి వేల మైళ్లు అడ్డు లేకుండా వచ్చిన పసిఫిక్ కెరటం ఎదురవుతుంది. ఒకే ఇరుకు గుమ్మంలో లోపలివాళ్లు బయటికి, బయటివాళ్లు లోపలికి తోసుకున్నట్టు ఉంటుంది అక్కడి నీళ్ల తీరు. నది తెచ్చిన ఇసుక అక్కడే మేటలు వేస్తుంది. ఆ మేటలు ఒకచోట ఉండవు, గాలివానకొకసారి జరుగుతాయి. పాటు సమయంలో నది వేగం పెరిగినప్పుడు ఎదురుగాలి తోడైతే, నిమిషాల్లో తాడిచెట్టు ఎత్తు కెరటాలు లేస్తాయి.

1792 నుంచి ఇప్పటిదాకా రెండు వేల దాకా ఓడలు, పడవలు ఇక్కడా చుట్టుపక్కలా దెబ్బతిన్నాయి. ఏడు వందల మందికి పైగా పోయారు. అందుకే నావికులు ఈ తీరాన్ని 'పసిఫిక్ వల్లకాడు' అంటారు. 1906లో ఒడ్డుకు కొట్టుకొచ్చిన పీటర్ ఇరెడేల్ అనే తెరచాప ఓడ ఇనుప పక్కటెముకలు ఊరికి దగ్గర్లో క్లాట్సప్ తీరం ఇసుకలో ఇప్పటికీ నిలబడి ఉన్నాయి.

ఈ మొగ గుండా ఓడను లోపలికి తేవాలంటే ఓడ కెప్టెన్ ఒక్కడి వల్ల కాదు. అతను ప్రపంచమంతా తిరిగినవాడైనా సరే, ఈ కొద్ది మైళ్లకు స్థానిక పైలట్ ఎక్కాల్సిందే. 1846 నుంచీ ఇక్కడ అదే ఏర్పాటు. పైలట్ కొన్నిసార్లు హెలికాప్టర్ నుంచి తాడు మీద దిగుతాడు. లేదంటే చిన్న పైలట్ పడవలో ఓడ పక్కకు వెళ్తాడు. అక్కడినుంచి ఆ పని చూడాలి. ఓడ పక్కన తాళ్ల నిచ్చెన వేలాడుతుంటుంది. పడవ కెరటం మీద పైకి లేస్తుంది, మళ్లీ రెండంతస్తుల లోతుకు జారుతుంది. పైకి లేచి ఒక్క క్షణం ఆగినట్టుండేచోట నిచ్చెన పట్టుకోవాలి. ముందు పట్టుకుంటే కింది నుంచి లేచే పడవ కాళ్లను నలిపేస్తుంది, ఆలస్యమైతే చేతికి నిచ్చెన అందదు. చీకట్లో, వానలో, చలికాలం అంతా ఈ పని జరుగుతూనే ఉంటుంది. 1994లో డెబొరా డెంప్సీ ఈ మొగకు తొలి మహిళా పైలట్ అయ్యారు.

మొగ దాటించిన పైలట్ ఆస్టోరియా ఎదుట దిగిపోతాడు. అక్కడ నది పైలట్ ఎక్కి ఓడను నూటయాభై కిలోమీటర్ల ఎగువన ఉన్న పోర్ట్‌లాండ్ వైపు తీసుకెళ్తాడు. అమెరికా ఎగుమతి చేసే గోధుమల్లో పెద్ద వాటా ఈ నది మీదుగానే ఆసియాకు వెళ్తుంది. కాబట్టి ఊరి ఎదుట లంగరు వేసిన ఓడలు రోజూ కనిపిస్తాయి. ఊరికి మాత్రం వాటితో పని తక్కువ. పోర్ట్‌లాండ్‌ను మించిన నగరం అవుతామని ఆస్టోరియా ఓ కాలంలో కలలు కంది. 1898లో రైలు వచ్చేసరికి ఆలస్యమైపోయింది. ఓడలు ఈ ఊరి ముందునుంచే వెళ్లాయి గానీ సిరి పైకి పోయింది.

రాని మనిషి పేరు, ఉన్న మనుషుల నేల

ఊరికి పేరిచ్చిన జాన్ జేకబ్ ఆస్టర్ ఈ ఊరు చూడలేదు. జర్మనీలోని వాల్‌డార్ఫ్‌లో పుట్టి, న్యూయార్క్ చేరి, జంతువుల బొచ్చుతోళ్ల వ్యాపారంలో అమెరికాలోకెల్లా ధనవంతుడైనవాడు. కొలంబియా మొగలో కోట కట్టి, తోళ్లు కొని, చైనాకు అమ్మాలన్నది అతని పథకం. అతని ఓడ టాంక్విన్ 1811 మార్చిలో మొగ దగ్గరికి వచ్చింది. కెప్టెన్ జొనాథన్ థార్న్ దారి వెతకమని చిన్న పడవలను ముందుకు పంపాడు. నీళ్లు చూస్తే పోవడం చావేనని తెలుస్తూనే ఉంది. అయినా పంపాడు. ఎనిమిది మంది చనిపోయారు. హవాయి దీవుల నుంచి కూలికి తెచ్చుకున్నవాళ్లూ ఆ పడవల్లో ఉన్నారు. ఊరు పునాది పడకముందే ఎనిమిది ప్రాణాలు పోయాయి. ఆ ఓడ కూడా ఎన్నాళ్లో మిగల్లేదు. అదే ఏడాది వాంకూవర్ దీవి దగ్గర అక్కడి స్థానికులతో గొడవ పెట్టుకుని నాశనమైంది.

రెండేళ్లలోనే బ్రిటన్‌తో యుద్ధం వచ్చింది. 1813లో కోటను కెనడా బొచ్చు కంపెనీకి అమ్మేశారు. అది ఫోర్ట్ జార్జ్ అయింది. మళ్లీ 1846 ఒప్పందంతో ఆ ప్రాంతం అమెరికాదయింది. మరుసటి ఏడాది రాకీ పర్వతాలకు పడమట అమెరికా తొలి పోస్టాఫీసు ఇక్కడే తెరిచారు. 'రాకీలకు పడమట మొట్టమొదటి అమెరికా ఊరు' అని ఆస్టోరియా ఇప్పటికీ చెప్పుకుంటుంది.

మొట్టమొదటి ఊరు అన్న మాటతోనే నాకు పేచీ. ఆస్టర్ మనుషులు దిగేసరికే ఈ నది రెండు ఒడ్డులా ఊళ్లున్నాయి. దక్షిణాన క్లాట్సప్‌లు, ఉత్తరాన చినూక్‌లు. దేవదారు పలకలతో కట్టిన పొడవాటి ఇళ్లు, ఒకే మానును తొలిచి చేసిన పెద్ద పడవలు, ఎండబెట్టిన సాల్మన్ చేపల వ్యాపారం. ఈ మొగ దాటడం వాళ్లకు నిత్యకృత్యం. తీరమంతా వ్యాపారం చేసేవాళ్లు కాబట్టి, వాళ్ల భాష చుట్టూ అల్లుకున్న బజారు భాష ఒకటి అలాస్కా వరకూ పాకింది.

1805 నవంబరులో లూయిస్, క్లార్క్ యాత్రాదళం ఖండం దాటి ఇక్కడికే చేరింది. చలికాలం ఎక్కడ గడపాలో తేల్చుకోవడానికి దళంలో ఒక్కొక్కరి అభిప్రాయం అడిగారు. క్లార్క్ బానిస యార్క్‌నూ, షోషోనీ తెగ పడుచు సకాజవియానూ కూడా అడిగి రాసుకున్నారు. క్లాట్సప్‌ల సలహా విని దక్షిణపు ఒడ్డున కోట కట్టుకున్నారు. ఉన్న 106 రోజుల్లో వాన పడనివి 12 రోజులే. ఇప్పటికీ అక్కడ ఏడాదికి పదిహేడు వందల మిల్లీమీటర్ల వాన కురుస్తుంది. నెలల తరబడి, గొడుగు తెరవాలా వద్దా అన్నట్టుండే తుంపర.

చినూక్‌ల పెద్ద కామ్‌కమ్‌లీ. ఒంటి కన్ను మనిషి. ఓడలవాళ్లతో బేరం ఎలా ఆడాలో బాగా తెలిసినవారు. ఆస్టర్ మనుషులకు అండగా నిలిచిందీ ఆయనే, కూతుళ్లను వాళ్లకిచ్చి చుట్టరికం కలుపుకున్నదీ ఆయనే. 1830 ప్రాంతంలో వచ్చిన జ్వరాలకు ఆయనా పోయారు, నది దిగువ ఊళ్లూ పోయాయి. మలేరియా అంటున్నారు ఇప్పటి పరిశోధకులు. ఊరికి ఊరు ఖాళీ అయిన రోజులవి. ఆ తర్వాత జరిగింది మరీ ఘోరం. బొచ్చు కంపెనీ డాక్టరు ఒకాయన సమాధి తవ్వి కామ్‌కమ్‌లీ తల తీసి ఇంగ్లండ్‌కు పంపాడు. తలల కొలతలతో మనుషుల తెలివి తేల్చేయొచ్చని నమ్మిన కాలం. ఆ పుర్రె తిరిగి తన వాళ్ల దగ్గరికి చేరడానికి 1972 వరకూ పట్టింది.

ఆయన మనవడి కథ మాత్రం చదివినప్పుడల్లా నాకు సంబరంగా ఉంటుంది. రానల్డ్ మెక్‌డానల్డ్. తల్లి కామ్‌కమ్‌లీ కూతురు, తండ్రి స్కాట్లండ్ నుంచి వచ్చిన కంపెనీ ఉద్యోగి. 1824లో ఈ కోటలోనే పుట్టాడు. జపాన్ అప్పట్లో విదేశీయులకు తలుపులు మూసుకున్న దేశం. అడుగుపెడితే మరణశిక్షేనని చెప్పుకునేవాళ్లు. 1848లో తిమింగలాల వేట ఓడ నుంచి చిన్న పడవ తీసుకుని, ఓడ మునిగి కొట్టుకొచ్చినవాడిలా నటిస్తూ రిషిరి అనే జపాన్ దీవికి చేరాడు. పట్టుకుని నాగసాకిలో బంధించారు. ఆ బందీ దగ్గరే పద్నాలుగు మంది జపాన్ దుబాసీలు ఇంగ్లిష్ నేర్చుకున్నారు. వాళ్లలో మోరియామా ఐనొసుకె అనే ఆయనే, కొన్నేళ్లకు అమెరికా నౌకాదళం జపాన్ గుమ్మం ముందు నిలిచినప్పుడు మాటలు నడిపాడు. రానల్డ్ పుట్టినచోట ఆస్టోరియాలో ఇప్పుడో స్మారకశిల ఉంది.

వెండి వెన్నెల, తగరపు డబ్బా

తోళ్ల వ్యాపారం ముగిశాక ఊరిని నిలబెట్టింది సాల్మన్ చేప. సముద్రంలో పెరిగి, గుడ్లు పెట్టడానికి తాను పుట్టిన వాగును వెతుక్కుంటూ నదికి ఎదురీదే చేప. అందులో చినూక్ రకం అన్నిటికంటే పెద్దది. 1866లో కొలంబియా మీద తొలి క్యానరీ, అంటే చేపల్ని డబ్బాల్లో నింపే ఫ్యాక్టరీ వచ్చింది. 1883 నాటికి నది మీద డజన్ల కొద్దీ క్యానరీలు లేచాయి. ఆ ఒక్క ఏడాది ఆరు లక్షల పెట్టెలకు పైగా తయారయ్యాయి. పెట్టెకు నలభై ఎనిమిది డబ్బాలు, డబ్బాకు ఒక పౌను చేప. ఇంగ్లండ్ మిల్లు కార్మికుల రొట్టె మీదికి వెళ్లేది ఆ చేప.

పట్టింది ఒకరు, కోసింది ఇంకొకరు. కోత బల్లల దగ్గర నిలబడ్డది దాదాపు అంతా చైనీయులే. క్యానరీ యజమాని చైనీయ మేస్త్రీతో ఒప్పందం రాసుకునేవాడు, పెట్టెకు ఇంత అని. ముఠాను తేవడం, తిండి పెట్టడం, కూలి ఇవ్వడం మేస్త్రీ పూచీ. సీజను మొదలయ్యేముందే వాళ్లు వచ్చి తగరపు రేకులు కత్తిరించి, చుట్టి, సీసంతో అతికి లక్షల డబ్బాలు చేత్తో తయారుచేసేవాళ్లు. చేప వచ్చాక కోతవాడిదే రాజ్యం. ఒక్క చేప ముప్పై నలభై పౌన్లు తూగుతుంది. తల, తోక, రెక్కలు, పేగులు... నాలుగైదు కత్తి వేట్లలో అన్నీ పోయి నిగనిగలాడే కండ మిగిలేది. పక్క బల్ల మీద దాన్ని డబ్బా ఎత్తుకు ముక్కలు కోసేవాళ్లు. ఒక చిటికెడు ఉప్పు వేసి, చేత్తో కూరి, మూత అతికేవాళ్లు. ఆవిరి గదిలో ఉడికించి, మూతకు సన్నని బెజ్జం పొడిచి గాలి తీసి, తక్షణం ఆ బెజ్జాన్ని మళ్లీ అతికి రెండోసారి ఉడికించేవాళ్లు. నేలంతా రక్తం, పొలుసులు. 1889లో రడ్‌యార్డ్ కిప్లింగ్ ఈ నది మీద ఓ క్యానరీ చూసి ఆ దృశ్యం రాశాడు.

1880 ప్రాంతంలో ఆస్టోరియాలో వేల మంది చైనీయులున్నారు. కానీ వల వేసే హక్కు వాళ్లకు లేదు. ఏ చట్టంలోనూ రాసి లేదు, తెల్ల జాలర్ల బెదిరింపే చట్టం. 1882లో చైనీయ కూలీల రాకను దేశమే నిషేధించింది. కొత్తవాళ్లు రాక, ఉన్నవాళ్లు ముసలివాళ్లవుతుంటే, 1900 తర్వాత చేపను కోసే యంత్రం వచ్చింది. ఆ యంత్రానికి చైనీయులను తిట్టే మాటనే పేరుగా పెట్టి అమ్మారు. ఒకరి చేతిపనిని యంత్రంలోకి తీసుకుని, తిట్టును మాత్రం వాళ్లకు వదిలిపెట్టారు.

వల వేసినవాళ్లలో ఎక్కువమంది ఫిన్నులు. పగలు చేప వలను చూస్తుంది కాబట్టి రాత్రి వేట. ఇరవై ఆరు అడుగుల పడవ, ఇద్దరు మనుషులు, నారతో అల్లిన పొడవాటి వల. వల నది పాటుతో కొట్టుకుపోతూ ఉంటుంది, చేప తల దూర్చి మొప్పల దగ్గర ఇరుక్కుంటుంది. చేపలు ఎక్కువ పడేది దిగువనే. దిగువన ఉన్నదేమో ఆ మొగ. ఇంకొంచెం, ఇంకొంచెం అనుకుంటూ జారిపోయి తిరిగి రాని పడవలెన్నో. నది మధ్య ఇసుక దిబ్బల మీద ఇంకో రకం వేట కూడా జరిగేది. గుర్రాల జతలు కడుపు లోతు నీళ్లలో నిలబడి పెద్ద లాగుడు వలల్ని ఒడ్డుకు లాగేవి.

ఫిన్లాండ్ అప్పుడు రష్యా జార్ ఏలుబడిలో ఉంది. భాష మీద, పత్రికల మీద ఆంక్షలు, జార్ సైన్యంలోకి నిర్బంధ భర్తీ. తప్పించుకుని వచ్చినవాళ్లు రాజకీయాన్ని మూటగట్టుకునే వచ్చారు. 1896లో చేప ధర కోసం జాలర్లు సమ్మె కట్టారు. యజమానులు ఒప్పుకోలేదు, సైనికులు దిగారు. సమ్మె అయ్యాక జాలర్లు చేసిన పని గొప్పది. తలాకాస్తా వేసుకుని తమ సొంత సహకార క్యానరీ పెట్టుకున్నారు. అది దశాబ్దాలు నడిచింది. దాని పాత దిమ్మెల మీదే ఇప్పుడో హోటల్ ఉంది. యూనియన్‌టౌన్ అనే తమ పేటలో ఆవిరి స్నానాల ఇళ్లు, చర్చిలు, తాగుడు మాన్పించే సంఘాలు పెట్టుకున్నారు. 1907 నుంచి 'తొవెరి' అనే సోషలిస్టు పత్రిక ఫిన్నిష్‌లో నడిపారు. 1911లో నాటకాలకూ వ్యాయామాలకూ సభలకూ పనికొచ్చే పెద్ద హాలు కట్టుకున్నారు. రెండేళ్ల తర్వాత పంజాబీలు సభ పెట్టుకున్నది అందులోనే.

తలపాగాల పేట

పంజాబీలు ఇక్కడికి సూటిగా రాలేదు. 1907 సెప్టెంబరు 4న ఉత్తరాన వాషింగ్టన్ రాష్ట్రంలోని బెల్లింగ్‌హామ్‌లో తెల్ల గుంపులు కోతమిల్లుల్లో పనిచేసే భారతీయుల ఇళ్ల మీద పడి, కొట్టి, ఊరి నుంచి తరిమేశాయి. 1910లో పోర్ట్‌లాండ్ పక్కన సెయింట్ జాన్స్‌లోనూ అదే జరిగింది. అలా తరమబడ్డవాళ్లకు కొలంబియా ఒడ్డున పని దొరికింది. ఆస్టోరియా తూర్పు కొసన హామండ్ కంపెనీ కోతమిల్లులో వంద మంది దాకా చేరారు. రంపం నుంచి జారి వచ్చే పచ్చి పలకల్ని గొలుసు మీంచి లాగి, రకాల వారీగా పేర్చడం వాళ్ల పని. తడిసిన దేవదారు పలక బరువు ఆ పని చేసినవాడికే తెలుస్తుంది. మిల్లు పక్కన వాళ్లుండే సందును ఊరివాళ్లు 'హిందూ సందు' అనేవారు. ఉన్నది ఎక్కువగా సిక్కులైనా అమెరికన్ల లెక్కలో భారతీయులంతా 'హిందూ'లే.

దాడుల చరిత్ర ఉన్న ఆ తీరంలో ఆస్టోరియా కొంత ఊపిరి పీల్చుకోనిచ్చింది. పంజాబీ పహిల్వాన్లు ఊరి పోటీల్లో కుస్తీ పట్టేవాళ్లు, స్థానిక పత్రికలు రాసేవి. ఒకటి రెండు కుటుంబాలు కూడా ఉన్నాయి. తర్వాతి కాలంలో రచయిత్రిగా, కార్మికోద్యమ కార్యకర్తగా పేరొందిన కర్తార్ ధిల్లాన్ బాల్యంలో కొన్నేళ్లు ఇక్కడే గడిచాయి. వలసదారులే సగం ఊరు కావడం ఒక కారణం. యూనియన్లు, సోషలిస్టులు బలంగా ఉండటం ఇంకో కారణం. నాకు మాత్రం అన్నిటికంటే బలంగా తోచేది ఒకటే. జార్ కింద నలిగినవాడికి, జార్జి చక్రవర్తి కింద నలిగినవాడి బాధ విడమరిచి చెప్పనక్కర్లేదు. ఇద్దరూ ఒకే నది ఒడ్డున ఒకరు చేపకు, ఒకరు దుంగకు ఒళ్లు అమ్ముకుంటున్నారు.

ఒరెగాన్ మిల్లుల్లో పనిచేసేవాళ్లు 1913లో ఊరూరా కూడారు. పోర్ట్‌లాండ్, లింటన్, బ్రైడల్ వేల్, వౌనా, ఆస్టోరియా. హర్‌దయాళ్ మాట్లాడారు. సంఘం పేరు హిందుస్తానీ అసోసియేషన్ ఆఫ్ ది పసిఫిక్ కోస్ట్. అధ్యక్షుడు సోహన్ సింగ్ భక్నా, తనూ మిల్లు కార్మికుడే. కోశాధికారి కాన్షీరామ్, మిల్లుకు కూలీలను సమకూర్చే కాంట్రాక్టరు. ఆస్టోరియా శాఖ బాధ్యులను చూడండి. అధ్యక్షుడు కేసర్ సింగ్, కార్యదర్శి మున్షీ కరీం బక్ష్, కోశాధికారి మున్షీరామ్. సిక్కు, ముస్లిం, హిందూ. మతం ఇంటి సంగతి, సంఘంలో దాని ప్రస్తావన రాకూడదన్నది వాళ్ల నియమం.

1913 నవంబరు 1న శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి 'గదర్' పత్రిక ఉర్దూలో వెలువడింది, కొద్ది వారాలకే పంజాబీలోనూ. 1857 తిరుగుబాటును తలచుకుంటూ పెట్టిన పేరు. పత్రిక పేరే చివరికి పార్టీ పేరైపోయింది. ఆ పత్రికకు డబ్బు కూలీలదే. మరుసటి ఏడాది ప్రపంచయుద్ధం మొదలవగానే, ఇదే అదనని, మిల్లులు వదిలి ఓడలెక్కారు. 1915 ఫిబ్రవరిలో సైనిక శిబిరాల్లో తిరుగుబాటు లేవదీయాలన్న పథకం ముందే బయటపడింది. కాన్షీరామ్‌ను ఉరితీశారు. పంతొమ్మిదేళ్ల గదర్ కార్యకర్త కర్తార్ సింగ్ సరాభాను 1915 నవంబరు 16న లాహోర్‌లో ఉరితీశారు. భగత్ సింగ్ జేబులో పెట్టుకు తిరిగిన ఫొటో ఆ కుర్రాడిదే. భక్నా అండమాన్ చూసి, పదహారేళ్ల జైలు తర్వాత గానీ బయటికి రాలేదు.

గదర్‌లో మన తెలుగువాడూ ఉన్నారు. కనిగిరికి చెందిన దర్శి చెంచయ్య. చదువు కోసం అమెరికా వెళ్లి, గదర్‌లో చేరి, యుద్ధకాలంలో జైలు అనుభవించారు. ఆయన ఆత్మకథ 'నేనూ - నా దేశం' తెలుగులో ఉండటం మన అదృష్టం. ఆ పుస్తకం చదివినవాళ్లు ఎందరో గానీ, అమెరికా వెళ్లే ప్రతి విద్యార్థి పెట్టెలోనూ దానికి చోటుండాలని నా కోరిక.

1922

ఆ ఏడాది ఆస్టోరియాను ఊపేసింది. సెప్టెంబరులో హామండ్ మిల్లు కాలిపోయింది, మళ్లీ కట్టలేదు. పని పోవడంతో పంజాబీలు చెల్లాచెదురయ్యారు, చాలామంది కాలిఫోర్నియా పొలాలకు తరలిపోయారు. నవంబరు ఎన్నికల్లో కు క్లక్స్ క్లాన్ అనే తెల్లజాతి దురహంకార సంఘం అండ ఉన్నవాళ్లు ఊరి పాలనలోకి వచ్చారు. ఇక్కడ క్లాన్ గురి కేథలిక్కుల మీద, వలసదారుల మీద. డిసెంబరు 8 తెల్లవారుజామున ఊరి నడిబొడ్డుకు నిప్పంటుకుంది. ఊరు సగం నీళ్ల మీద కర్ర దిమ్మెలు పాతి, పలకల వీధులు పరిచి కట్టింది. మంట పైనుంచి కాదు, వీధుల కిందినుంచి పాకింది. ముప్పై బ్లాకుల దాకా బూడిదయ్యాయి. తర్వాత కాంక్రీటుతో కట్టుకున్నారు. ఇప్పటికీ ఊరి మధ్యలో చాలా వీధుల కింద బోలుగానే ఉంటుంది.

రెండు నెలలకే, 1923 ఫిబ్రవరి 19న, అమెరికా సుప్రీంకోర్టు భగత్ సింగ్ థింద్ కేసులో తీర్పు చెప్పింది. థింద్ ఆస్టోరియా మిల్లులో పనిచేసినవారే. 1918లో తలపాగాతోనే అమెరికా సైన్యంలో చేరారు. ఒరెగాన్ న్యాయమూర్తి ఇచ్చిన పౌరసత్వం చెల్లదని, భారతీయులు 'తెల్లవారు' కారు కాబట్టి పౌరులు కాలేరని కోర్టు తేల్చింది. అంతకుముందు పౌరసత్వం పొందిన భారతీయులకూ దాన్ని రద్దు చేయడం మొదలుపెట్టారు. ఆ తలుపు 1946లో కాస్త తెరుచుకుంది, ఏడాదికి వంద మందికి. బార్లా తెరిచింది 1965 చట్టం. ఈ రోజు పోర్ట్‌లాండ్ శివార్లలోని హిల్స్‌బరో, బీవర్టన్‌లలో చిప్‌ల కంపెనీల్లో పనిచేసే తెలుగు ఇంజనీర్లు వెళ్లింది ఆ తలుపు గుండానే. వాళ్లకు ఆస్టోరియా రెండు గంటల కారు ప్రయాణం. సెలవు రోజుల్లో సముద్రం చూడటానికి చాలామంది వెళ్తుంటారు కూడా.

ఇప్పుడు

సాల్మన్ తగ్గిపోయింది. అతిగా పట్టడం ఒక ఎత్తు, ఆనకట్టలు ఒక ఎత్తు. 1938లో బోనెవిల్ డ్యాం వచ్చింది, దానికి చేపల మెట్లయినా ఉన్నాయి. 1942లో పూర్తయిన గ్రాండ్ కూలీకి అవీ లేవు. ఎనభై పౌన్లు తూగే 'జూన్ హాగ్' చేపల దారి అక్కడితో శాశ్వతంగా మూసుకుపోయింది. ఒక తరం జాలర్లు అలాంటి చేపను చూశామని చెప్పగలిగారు, తర్వాతి తరానికి ఆ భాగ్యం లేదు. బంబుల్ బీ అన్న పేరుతో లోకమంతా తెలిసిన డబ్బా చేపల కంపెనీ 1899లో ఈ ఊళ్లో మొదలైంది. 1980లో ఇక్కడి ఫ్యాక్టరీ మూసేసింది. 1920లో 14,027 ఉన్న జనాభా మళ్లీ ఆ సంఖ్యను చూడలేదు.

ఊరు మాత్రం వాడిపోలేదు. 1942 జూన్‌లో జపాన్ జలాంతర్గామి పక్కనున్న ఫోర్ట్ స్టీవెన్స్ మీద గుళ్లు పేల్చిన ఊరిది. 1948లో ఎడ్ పార్సన్స్ అనే రేడియో స్టేషన్ యజమాని హోటల్ కప్పు మీద యాంటెన్నా పెట్టి సియాటిల్ నుంచి బొమ్మ పట్టి, తీగల మీద ఇంటింటికీ ఇచ్చాడు. అమెరికాలో తొలి కేబుల్ టీవీల్లో అదొకటి. 1966లో నది మీద ఆరున్నర కిలోమీటర్ల వంతెన వచ్చి, అవతల వాషింగ్టన్ రాష్ట్రంతో కలిపింది. 1985లో విడుదలైన 'ద గూనీస్' సినిమా తీసింది ఇక్కడే. పాత కౌంటీ జైలు ఇప్పుడు సినిమా మ్యూజియం.

కొండ మీద 1926లో కట్టిన 125 అడుగుల స్తంభం ఉంది. లోపల 164 మెట్లు. ఎక్కినవాళ్లు తేలిక చెక్కతో చేసిన బొమ్మ విమానం పైనుంచి వదలడం చాలాకాలం ఆనవాయితీగా ఉండేది.  స్తంభం చుట్టూ ఊరి చరిత్ర బొమ్మలుగా పైకి తిరుగుతూ రైలు రాకతో ముగుస్తుంది. పంజాబీలు అందులో లేరు. వందేళ్లు నిండిన 2013లో ఊరివాళ్లే పూనుకుని, గదర్ వారసుల్ని పిలిచి ఉత్సవం చేసి, స్మారక ఫలకం పెట్టారు. మరుసటి ఏడాది చైనీయ కార్మికుల పేరు మీద ఊరి నడిబొడ్డున ఓ తోట తెరిచారు. ఫిబ్రవరి చివర్లో, 1998 నుంచీ, చేపల వేటలో పనిచేసేవాళ్లు పోగై తమ కవితలు తామే చదువుకునే పండగ జరుగుతుంది. వినేవాళ్లతో బార్లు, హాళ్లు నిండిపోతాయి.

అందరికీ ఏదో ఒక రాయి, తోట దక్కాయి. చినూక్‌ల లెక్క మాత్రం తేలలేదు. 1851లో ఊరికి దగ్గర్లోని టాన్సీ పాయింట్ వద్ద వాళ్లతో ప్రభుత్వం ఒప్పందాలు రాసుకుంది, సెనేట్ వాటిని ఆమోదించలేదు. ఒప్పందం లేదు కాబట్టి తెగగా గుర్తింపు లేదన్నారు. 2001 జనవరిలో గుర్తింపు ఇచ్చారు, ఏడాదిన్నరకే 2002లో వెనక్కి తీసుకున్నారు. గుర్తింపు లేకపోతే ప్రభుత్వ వైద్యం లేదు, తెగగా సాల్మన్ పట్టుకునే హక్కూ లేదు. కామ్‌కమ్‌లీ వారసులు ఇప్పటికీ వాషింగ్టన్ డీసీకి కాగితాలు పంపుతూనే ఉన్నారు.